కడియం మట్టి, బ్రూక్‌ఫీల్డ్ బాల్కనీ

2023 జూన్‌లో మేము రాజమండ్రి వదిలి బెంగళూరు వచ్చేటప్పుడు శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో మా సామాను తొమ్మిది శాల్తీలు. పదోది తులసి కుండీ. దాన్ని మా ఆవిడ సీటు కిందికి తొయ్యనివ్వలేదు. రాత్రంతా కాసేపు ఒళ్ళో, కాసేపు కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. "కాస్త నడుం వాల్చు, అదెక్కడికీ పారిపోదు" అన్నాను. "పారిపోతున్నది మనమే కదండీ" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. మర్నాడు కృష్ణరాజపురంలో దిగాం. కుండీ కూడా క్షేమంగానే దిగింది.

రాజమండ్రిలో మా ఇంటికి పెద్ద పెరడేమీ లేదు గానీ ఉన్నంతలో మూడు రంగుల మందారాలు, నందివర్ధనం, పారిజాతం, గోరింట, వీధిలో సగం ఇళ్ళకి సరిపోయే కరివేపాకు చెట్టు ఉండేవి. ముప్పై ఏళ్ళపాటు మా ఆవిడ పొద్దుట కాఫీ ఆ మొక్కల మధ్యే తాగింది. నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, నా మోకాళ్ళూ ఆవిడ బీపీ కలిసి ఒక నిర్ణయానికి వచ్చి, ఇల్లు అమ్మి అబ్బాయి దగ్గరికి చేరాం. మీలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి కథ జరిగే ఉంటుంది కాబట్టి దాన్ని సాగదీయను.

బ్రూక్‌ఫీల్డ్ చూడనివారి కోసం రెండు మాటలు. బెంగళూరుకి తూర్పున మారతహళ్ళికీ వైట్‌ఫీల్డ్‌కీ మధ్య, ఐటీపీఎల్ రోడ్డును ఆనుకుని ఉన్న పేట ఇది. ఒక పక్క కుందలహళ్ళి చెరువు, ఇంకో పక్క ఏఈసీఎస్ లేఅవుట్. సాయంత్రం ఏడింటికి అలా నడుస్తూ వెళితే చెవిన పడే పది మాటల్లో నాలుగు తెలుగు మాటలే. ఆంధ్రా మెస్సులు, పచ్చళ్ళ కొట్లు, కుర్రాళ్ళ హాస్టళ్ళు, దేనికీ లోటు లేదు. పక్కనున్న వైట్‌ఫీల్డ్ కథ కూడా వలస కథే. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకి సేద్యం చేసుకుని స్థిరపడమని ఇచ్చిన భూమి అది. వాళ్ళ సంఘం నాయకుడు డి.ఎస్. వైట్ పేరు మీద వైట్‌ఫీల్డ్ అయింది. ఆనాడు నాగళ్ళు పట్టుకుని వచ్చారు, ఈనాడు లాప్‌టాప్‌లు పట్టుకుని వస్తున్నారు. అంతే తేడా.

మా అబ్బాయి వాళ్ళ ఫ్లాటు ఏడో అంతస్తు. బాల్కనీ పన్నెండు అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, తూర్పు ముఖం. బెంగళూరు సముద్రమట్టానికి మూడువేల అడుగుల ఎత్తున ఉంది. దానిపైన ఏడు అంతస్తులు. ఆషాఢమాసం వచ్చేసరికి అక్కడ వీచే గాలిని గోదావరి జిల్లాలవాళ్ళం గాలి అనం, తుఫాను అంటాం. రైల్లో ఒళ్ళో కూర్చుని వచ్చిన తులసి ఆ గాలికి నెలన్నరలో పుల్లయిపోయింది. మా ఆవిడ ఆ పుల్లని పారెయ్యకుండా చాలా రోజులు చూసి, చివరికి కుండీని మూలకి జరిపి, "ఇక్కడ ఏదీ బతకదులెండి" అంది. ఆ తర్వాత బాల్కనీలోకి వెళ్ళడం మానేసింది. ఎప్పుడైనా ప్రస్తావన వస్తే "అబ్బాయి వాళ్ళ బాల్కనీ" అనేది. కాఫీ సోఫాలో టీవీ ముందు తాగేది. ఆ మాట ఒక్క తులసి గురించే అన్నది కాదని నాకు అర్థమయ్యేది, కానీ ఏం చెయ్యాలో అర్థమయ్యేది కాదు.

కోడలికి అర్థమైంది. దసరా ముందు ఒకనాడు ఫోనులో ఏవో బొమ్మలు చూపించి, "అత్తయ్యగారూ, వీటిలో మీకేవి కావాలో చెప్పండి, ఇంటికే వచ్చేస్తాయి" అంది. మా ఆవిడ "నీ ఇష్టం అమ్మా" అంది. కోడలే అయిదు మొక్కలు ఎంచింది. స్నేక్ ప్లాంటు, జెడ్‌జెడ్ ప్లాంటు, మనీప్లాంటు, పీస్ లిల్లీ, సన్నటి నల్లతీగల మీద చిట్టి ఆకులుండే మెయిడెన్‌హెయిర్ ఫెర్న్. మొత్తం పద్దెనిమిదివందల యాభై రూపాయలు. నేను పక్కనే కూర్చుని, "మొక్కని చూడకుండా కొనడమేమిటమ్మా? వంకాయ కూడా గిచ్చి చూసి కొంటాం కదా" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

పెట్టె అయిదు రోజులకి వచ్చింది. అట్టపెట్టె, పక్కల్లో గాలికోసం చిల్లులు, లోపల కాగితపు ముక్కలు, ప్లాస్టిక్ చుట్టిన కుండీలు. ప్యాకింగు చూసి నిజంగా మెచ్చుకున్నాను. మొక్కల సంగతి మాత్రం దేని కథ దానిదే. స్నేక్ ప్లాంటు, జెడ్‌జెడ్ ప్లాంటు నిన్న బయల్దేరినట్టు ఉన్నాయి. మనీప్లాంటుకి రెండాకులు పసుపెక్కాయి. పీస్ లిల్లీ తల వాల్చేసింది గానీ, నీళ్ళు పోసి నీడన పెడితే మర్నాటికి లేచి కూర్చుంది. ఫెర్న్ మాత్రం ముట్టుకుంటే పొడి అయింది. అమ్మినవాళ్ళకి ఫోటో పంపితే, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి ఇరవైనాలుగు గంటల్లో పంపి ఉండాల్సింది అన్నారు. ఇరవైనాలుగు గంటలు అప్పటికే దాటాయి.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, పెట్టెలో మొక్కల్ని పంపే తంటా కొత్తదేమీ కాదని. పూర్వం ఓడల మీద ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి పంపిన మొక్కల్లో చాలా భాగం ఉప్పుగాలికీ, మంచినీళ్ళు చాలకా దారిలోనే చచ్చిపోయేవి. లండన్‌లో నథానియెల్ వార్డ్ అనే వైద్యుడు మూసిన గాజు సీసాలో ఫెర్న్ దానంతట అదే పెరగడం చూసి, గాజుపెట్టెలు చేయించి, 1833లో వాటిలో మొక్కలు పెట్టి సిడ్నీకి పంపాడు. అవి బతికి చేరాయి. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి మన హిమాలయ ప్రాంతపు తోటలకి సుమారు ఇరవైవేల తేయాకు మొక్కల్ని చేర్చింది అలాంటి పెట్టెల్లోనే. వార్డ్ పెట్టెలో వెలుతురూ తేమా ఉన్నాయి. కొరియరు అట్టపెట్టెలో చీకటి ఉంది. మొక్క చీకట్లో ఆహారం తయారుచేసుకోలేదు, దాచుకున్నది తినాలి. పైగా మూసిన పెట్టెలో నలిగిన ఆకుల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పోగుపడి, మిగతా ఆకుల్ని కూడా పండబెడుతుంది. అరటికాయల్ని కప్పెట్టి మాగబెట్టేది కూడా ఈ వాయువే. స్నేక్ ప్లాంటు దళసరి ఆకుల్లోనూ, జెడ్‌జెడ్ ప్లాంటు దుంపల్లోనూ నీళ్ళు దాచుకుంటాయి కాబట్టి వారం రోజుల ప్రయాణం వాటికి లెక్కలోది కాదు. ఫెర్న్‌కి ఆ నిల్వ లేదు. అంటే తప్పంతా అమ్మినవాళ్ళది కాదు. ఫెర్న్‌ని అంత దూరం నుంచి తెప్పించుకోవడంలో మాదీ ఉంది.

పెట్టెతోపాటు ఒక రంగుల కార్డు వచ్చింది. ఈ మొక్కలు ఇంట్లో గాలిని శుద్ధి చేస్తాయని నాసా నిరూపించిందట. కోడలు ముచ్చటపడి దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. ఆ పరిశోధన జరిగిన మాట నిజమే. 1989లో నాసా వాళ్ళు చిన్న మూసిన గదుల్లో మొక్కలుంచి పరీక్షించారు. కానీ మన ఇల్లు మూసిన గది కాదు కదా. 2019లో అమెరికా పరిశోధకులు అలాంటి పరీక్షలన్నీ కలిపి లెక్కవేస్తే, మామూలుగా గాలి లోపలికీ బయటికీ మారినంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి దాకా మొక్కలు పెట్టాలని తేలింది. అప్పుడు మనుషులం బయట ఉండాలి. కిటికీ తెరవడమే చవక. ఆ సంగతి చెబితే కోడలు నవ్వి, "మావయ్యగారూ, అయితే మొక్కలు ఊరికే చూసుకోవడానికే అనుకుందాం" అంది. నాకు అంతకంటే మంచి కారణం కనిపించలేదు.

ఫెర్న్ పొడి అయిన మర్నాడు నేను నా ప్రతాపం చూపించాలనుకున్నాను. మా వీధి చివర ఒక ఖాళీ సైటులో ఆకుపచ్చ వల కింద నర్సరీ ఉండేది. చేత్తో తాకి, కళ్ళతో చూసి, బేరమాడి నాలుగు మొక్కలు తెచ్చాను. అరేకా పామ్, క్రోటన్, డిఫెన్‌బాకియా, ఎర్రమందారం. అన్నీ కలిపి ఏడువందల ఇరవై రూపాయలు, ఆటో ఖర్చు లేదు. అన్నీ నవనవలాడుతున్నాయి. "చూశారా, కొనడమంటే ఇదీ" అన్నాను. ఆకుపచ్చ వల కింద ఏ మొక్కయినా నవనవలాడుతుందని నాకు అప్పటికి తెలియదు.

మూడు వారాలకి మందారం కొమ్మల సందుల్లో తెల్లటి దూది పింజలు కనిపించాయి. దూది కాదు, పిండినల్లి. నేను గమనించేసరికి అది క్రోటన్‌కి పాకి, అక్కడి నుంచి కోడలి మనీప్లాంటుకీ, పీస్ లిల్లీకీ అంటింది. అంటే ఫోనులో కొన్నవాటిలో బతికి బయటపడ్డ రెండింటికి నా చేతి మీదుగా తెగులు అంటించాను. అది చాలదన్నట్టు, మూడేళ్ళ మనవరాలు డిఫెన్‌బాకియా ఆకు తుంచి నోటి దగ్గర పెట్టుకోబోతే కోడలు పరుగున వెళ్ళి లాక్కుంది. ఆ మొక్క ఆకుల్లో, కాడల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నాలుకా గొంతూ మండి వాచిపోతాయి. కంద దురద పెట్టేది కూడా ఆ జాతి స్ఫటికాల వల్లనే. చేత్తో తాకి కొన్న పెద్దమనిషి ఆ ముక్క అడగనూ లేదు, అమ్మినవాడు చెప్పనూ లేదు.

ఆ రోజు మా ఆవిడ చాలా నెలల తర్వాత గట్టిగా నవ్వింది. "ఆ పిల్ల ఫోనులో కొంటే ఒకటి చచ్చింది. మీరు గిచ్చి కొంటే ఉన్నవాటికి కూడా జబ్బు తెచ్చారు" అంది. నవ్వడంతో ఊరుకోలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపి బాల్కనీలోకి వెళ్ళింది. పింజలున్న ప్రతి సందునీ తడిదూదితో తుడిచింది. లీటరు నీళ్ళకి ఒక చెంచా వేపనూనె, నూనె కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్ళు వేసి, ఎండ తగ్గాక ఆకుల అడుగున కూడా తడిసేలా చల్లింది. వారానికోసారి చొప్పున నాలుగు వారాలు. ఒకసారి చల్లి ఊరుకుంటే సంచుల్లో దాగిన గుడ్లు పొదిగి మళ్ళీ వస్తాయట. ఇదంతా ఆవిడకి ఎప్పటి నుంచో తెలుసు. ఎవరూ అడగలేదు, అంతే. డిఫెన్‌బాకియాని కింద వాచ్‌మన్ గది పక్కన, పిల్లలకి అందని గోడ మీద పెట్టించాం.

అయినా మందారం తేరుకోలేదు. నీళ్ళు పోస్తున్నా ఆకులు వాడిపోతున్నాయి. మా ఆవిడ ఒకనాడు కుండీని పక్కకి వంచి, మొక్కని మట్టితో సహా బయటికి లాగింది. కుండీలో మేము నింపిన ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు పొడిపొడిగా రాలిపోయాయి. మధ్యలో మాత్రం కొబ్బరికాయంత నల్లటి ముద్ద, గట్టిగా, రాయిలా ఉంది. గోటితో గీకి, వాసన చూసి, నా వైపు తిరిగి, "ఏమండీ, ఇది మన ఒండ్రుమట్టి" అంది.

మర్నాడు ఆ ముద్ద సంచిలో వేసుకుని ఇద్దరం నర్సరీకి వెళ్ళాం. నేను దెబ్బలాడటానికి, ఆవిడ కనుక్కోవడానికి. మొక్కలకి నీళ్ళు పడుతున్న కుర్రాడు మేము తెలుగులో గొణుక్కోవడం విని, "ఏ ఊరండీ మీది?" అన్నాడు. రాజమండ్రి అన్నాం. "మాది బుర్రిలంకండీ" అన్నాడు. ఇంక దెబ్బలాట ఏముంది?

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి. రాజమండ్రి దాటి రావులపాలెం వైపు వెళ్ళే హైవేకి రెండుపక్కలా మైళ్ళకొద్దీ నర్సరీలు. బస్సు కిటికీలోంచి మేము వందసార్లు చూసిన ఊళ్ళే. దేశంలో మూలమూలకీ అక్కడి నుంచి మొక్కలు లారీల్లో వెళతాయని వినేవాళ్ళం గానీ, ఆ లారీ ఎక్కడ ఆగుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఒకటి బ్రూక్‌ఫీల్డ్‌లో మా వీధి చివర ఆగుతోంది. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. "ఇక్కడి నర్సరీల్లో చాలా మొక్కలు అక్కడివేనండి. మేం పెంచేది తక్కువండి. దింపి, నీడన ఉంచి, అమ్ముతాం" అన్నాడు కుర్రాడు. అంటే నేను స్థానికం అనుకుని కొన్న మందారం కోడలి పెట్టె కన్నా తక్కువేమీ తిరిగిరాలేదు. మాకు తెలియలేదంతే.

ఆ నల్లముద్ద కథ కూడా అతనే చెప్పాడు. గోదావరి ఒండ్రుమట్టి జిగురుగా ఉంటుంది కాబట్టి లారీలో ఎంత కుదిపినా వేళ్ళ చుట్టూ విడిపోకుండా పట్టుకుంటుంది. దూరప్రయాణానికి అంతకన్నా మంచి కవచం లేదు. ఇక్కడికొచ్చాక అదే చిక్కు. దాన్ని అలాగే కుండీలో పెట్టి చుట్టూ గుల్ల మట్టి నింపితే, మనం పోసిన నీళ్ళు గుల్ల మట్టిలోంచి జారి అడుగు కన్నం గుండా పోతాయి. మధ్య ముద్ద ఒకసారి ఎండిందంటే మళ్ళీ తడవదు. తడిసిందంటే ఒకపట్టాన ఆరదు. మొదటిదానికి మొక్క దాహంతో పోతుంది, రెండోదానికి వేరు కుళ్ళి పోతుంది. మాది మొదటి రకం.

"మరేం చెయ్యాలి నాయనా?" అంది మా ఆవిడ.

"తెచ్చిన రోజే కుండీ మార్చకండమ్మా. పది పదిహేను రోజులు మా దగ్గర ఉన్నట్టే నీడన ఉంచండి. అప్పుడు సంచి తీసి, ముద్దని బకెట్టు నీళ్ళలో అరగంట నానబెట్టండి. మెత్తబడ్డాక అంచుల మట్టి మూడోవంతు మెల్లగా వదిలించండి. మొత్తం కడిగేస్తే సన్నవేళ్ళు తెగిపోతాయండి. మిగిలిన మట్టి అలాగే ఉంచి, కొత్త మట్టిలో పెట్టండి. మధ్యలో కూడా తడిసిందో లేదో పుల్ల గుచ్చి చూడండి."

మా మందారానికి అలాగే చేశాం. ఉన్న ఆకులన్నీ రాల్చేసింది. నేను ఆశ వదులుకున్నాను. మా ఆవిడ వదులుకోలేదు. కొమ్మ బెరడు గోటితో గీకి పచ్చగా ఉందని చూపించింది.

ఆ చలికాలంలోనే మేము లాల్‌బాగ్‌కి వెళ్ళాం. వైట్‌ఫీల్డ్ వైపు మెట్రో 2023 అక్టోబరులో ఊళ్ళోకి పూర్తిగా కలిసింది కాబట్టి కుందలహళ్ళిలో ఎక్కి, మెజెస్టిక్‌లో ఆకుపచ్చ లైను మారి, లాల్‌బాగ్‌లో దిగితే అయింది. రిపబ్లిక్ దినోత్సవానికీ, స్వాతంత్ర్య దినోత్సవానికీ అక్కడ పూల ప్రదర్శన జరుగుతుంది. ఆ జనంలో మా మోకాళ్ళు నిలబడవని అది అయ్యాక వెళ్ళాం. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. టిప్పు పర్షియా, కాబూల్, మారిషస్ వంటి చోట్ల నుంచి మొక్కలు తెప్పించాడు. గాజుమేడకి 1889లో శంకుస్థాపన జరిగింది. 1908 నుంచి 1932 దాకా తోటని చూసిన క్రుంబీగల్ జర్మనీలో పుట్టినవాడు. ఆ పెద్ద చెట్ల కింద నడుస్తుంటే మా ఆవిడ ప్రతి పేరుపలకా చదివింది. ఇది బ్రెజిల్‌ది, ఇది ఆస్ట్రేలియాది, ఇది మడగాస్కర్‌ది. ఒక బెంచీ మీద కూర్చుని, "అయితే ఇక్కడివి ఏవండీ?" అంది. ఇంట్లో ఉన్నవి లెక్కపెట్టుకున్నాం. మనీప్లాంటు పసిఫిక్ సముద్రంలోని ఒక దీవిది. స్నేక్ ప్లాంటు పశ్చిమ ఆఫ్రికాది, మన చాగనారకి చుట్టం. జెడ్‌జెడ్ తూర్పు ఆఫ్రికాది. అరేకా పామ్ మడగాస్కర్‌ది. "అందరూ పొరుగూరివాళ్ళేనన్నమాట" అంది. వచ్చేటప్పుడు లాల్‌బాగ్‌లోనే నర్సరీమెన్ సహకార సంఘం వారి అమ్మకాల చోట ఒక చిన్న తులసి కొనుక్కుంది. ఈసారి బాల్కనీ కమ్మీకి ఎడంగా, గోడ వారన, గాలి తగలని చోట పెట్టింది.

ఈ రెండేళ్ళ అనుభవంతో మాకు తెలిసినవి నాలుగు ముక్కలు చెబుతాను. మీ ఊళ్ళో వాతావరణం వేరు కావచ్చు గానీ మొక్క స్వభావం ఎక్కడైనా ఒకటే.

ఫోనులో కొనేటట్టయితే దుంపా, దళసరి ఆకూ ఉన్నవే కొనండి. స్నేక్ ప్లాంటు, జెడ్‌జెడ్, కలబంద లాంటివి ప్రయాణానికి ఓర్చుకుంటాయి. పల్చటి ఆకుల ఫెర్న్‌లు, కలాథియాలు ఓర్చుకోవు. సోమవారం బయల్దేరేలా చూసుకుంటే పెట్టె ఆదివారం ఏ గోదాములోనూ ఇరుక్కోదు. మండువేసవిలో తెప్పించకండి. విప్పేటప్పుడు వీడియో తియ్యండి. మీ ఊరి నర్సరీలో దొరకని అరుదైన రకం కావాలంటే ఇదే దారి, అందులో తప్పేమీ లేదు.

నర్సరీలో కొనేటట్టయితే పువ్వు చూసి కొనకండి. ఆకు తిప్పి అడుగు చూడండి, కొమ్మ సందులు చూడండి. సంచి అడుగు కన్నాల్లోంచి వేళ్ళు చూడండి. తెల్లగా గట్టిగా ఉంటే మంచిది. గోధుమరంగులో మెత్తగా ఉండి వాసన వేస్తే వద్దు. పెద్ద మొక్క కన్నా కొత్త చిగురున్న చిన్న మొక్క తొందరగా నాటుకుంటుంది. ఇంట్లో పిల్లలుంటే నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా అని తప్పకుండా అడగండి. ఎప్పుడు వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది అన్నది కూడా అడగండి. నిన్న లారీ దిగిన మొక్కకీ, నెల్లాళ్ళుగా ఇక్కడి గాలి పీల్చిన మొక్కకీ చాలా తేడా ఉంది. ధర ఒకటే.

ఎక్కడ కొన్నా, మొదటి రెండు మూడు వారాలు మిగతా మొక్కలకి దూరంగా విడిగా ఉంచండి. ఆ నెలలో నాలుగాకులు రాలిస్తే చచ్చిపోతోందని కంగారుపడి ఎరువులు వెయ్యకండి, చోట్లు మార్చకండి. పాత వెలుతురుకి తయారైన ఆకుల్ని వదిలేసి, కొత్త వెలుతురుకి తగిన ఆకులు వేసుకుంటుంది. దానికి వ్యవధి కావాలి. నేను ఫోనా నర్సరీనా అని పంతానికి పోయి వృథా చేసిన కాలంలో సగం ఈ మొదటి నెల మీద పెట్టి ఉంటే ఆ మందారం అంత కష్టపడేది కాదు.

కిందటేడు మా వీధి చివర సైటు అమ్ముడుపోయింది. ఆకుపచ్చ వల పీకేశారు. ఇప్పుడక్కడ గొయ్యి తవ్వి, చుట్టూ రేకులు కట్టి, రాబోయే అపార్టుమెంటు బొమ్మ వేశారు. బొమ్మలో ప్రతి బాల్కనీలోనూ పచ్చటి మొక్కలున్నాయి. వాటిని ఎక్కడి నుంచి తెస్తారో బొమ్మ వేసినవాళ్ళు రాయలేదు. నర్సరీ వర్తూరు అవతలికి వెళ్ళిపోయింది. అంత దూరం మేము వెళ్ళలేమని మా ఆవిడ దిగులు పడింది. బుర్రిలంక కుర్రాడు మాత్రం వదల్లేదు. లారీ వచ్చి మొక్కలు కాస్త తేరుకున్నాక వాట్సాప్‌లో ఫోటోలు పంపిస్తాడు, అడిగితే బండి మీద తెచ్చి ఇస్తాడు. అంటే చివరికి మేము కూడా ఫోనులోనే కొంటున్నాం. కాకపోతే మా ఆవిడ ఫోటో చూసి ఊరుకోదు. "ఆకులు సరేలే నాయనా, సంచి తిప్పి వేళ్ళు చూపించు" అంటుంది. అతను చూపిస్తాడు.

మందారం పోయిన ఏడాది ఉగాదికి మొదటిసారి పూసింది. ఒక్క పువ్వే. కోడలు ఫోటో తీస్తే ఆవిడ దాన్ని రాజమండ్రిలో పాత పక్కింటావిడకి పంపించి, వెంటనే ఫోను చేసింది. నేను లోపల పేపరు చదువుకుంటున్నాను. "లేదండీ, కొన్నది కాదు, పూసింది. ఆయ్, మా బాల్కనీలోనే" అంటోంది. గదిలో కాఫీ చల్లారిపోతోంది. ఆవిడ గ్లాసు కూడా తీసుకుని నేనే బాల్కనీలోకి వెళ్ళాను.